కంటికి కనబడని వెలుగుతో మీట నొక్కుట



తడి చేతులతో మోటారు స్టార్టరు పెట్టెను ముట్టుట మన పల్లెలలో ప్రతిదినమును జరుగుచున్న పని. మడికి నీరు మరలించుచున్న రైతు బురదలోనుండి వచ్చి, షెడ్డులోని చెమ్మనేలపై చెప్పులు లేక నిలిచి, ఆకుపచ్చ మీటను నొక్కును. ఆ పెట్టెలో 415 వోల్టుల మూడు ఫేజుల కరెంటు కలదు. ఎర్తు తీగ తెగియుండి, లోపలి తీగ యొకటి యినుప పెట్టెకు తగిలియున్న యెడల, ఆ క్షణమున నతని గతి యేమి? మనుష్య దేహము గుండ ఒక ఆంపియరులో ఇరువదవ వంతు కరెంటు ప్రవహించినను ప్రాణము పోవచ్చును.

ఇంటిలో టెలివిజనును దూరమునుండి నడుపు చిన్న రిమోటును చూచి, "అయ్యా, ఇట్టిదానితో మోటారును నడుపరాదా?" యని యువకులగు రైతులు మమ్ము ప్రశ్నించుచుందురు. నడుపవచ్చును. ఆరునుండి పది మీటరుల దూరమున, పొడి గట్టుపై నిలిచి, షెడ్డు తలుపువైపు చూచుచు మీట నొక్కినచో స్టార్టరు పనిచేయునట్లు అమర్చుట కష్టము కాదు. అయితే ఇట్టివి తయారుచేయువారిలో పెక్కురు అందుకొను పరికరమును గూర్చి మిక్కిలి శ్రద్ధవహించి, వెలుగును పంపు దీపమునకు సరియైన కరెంటు నిచ్చుటయందు అశ్రద్ధ చేయుదురు. దీపము చాలినంత వెలుగనిచో అందుకొను పరికరమెంత మంచిదైనను ప్రయోజనము లేదు. కావున ఈ పాఠమున ముఖ్యముగ దీపమును నడుపు విధమును చెప్పి, పిమ్మట దానిని మోటారునకు కలుపునపుడు మరువరాని జాగ్రత్తలను వివరించెదము.

ఈ వెలుగు ఎట్టిది?

1800 సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపి, రంగులుగ విడదీసి, ఒక్కొక్క రంగున ఉష్ణమాపకము నుంచి వేడిని పరీక్షించెను. ఎరుపు రంగునకు ఆవల, కంటికేమియు కనబడని చోట నుంచిన ఉష్ణమాపకము మరింత వేడిమిని చూపెను. ఎరుపునకు ఆవల నుండు ఈ కిరణములనే పరారుణ కిరణములందురు. ఇవియు వెలుగే, మన కన్ను మాత్రము వానిని గ్రహింపజాలదు.

1961లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను సంస్థలో పనిచేయుచుండిన జేమ్స్ బయార్డు, గ్యారీ పిట్‌మన్ అనువారు గాలియం ఆర్సెనైడు అను పదార్థముతో చేసిన డయోడు గుండ కరెంటు పోవునపుడు పరారుణ కిరణములు వెడలుటను కనుగొనిరి. నేడు బజారులో కొన్ని రూపాయలకే దొరకు పరారుణ ఎల్.ఇ.డి. దీపము ఆ జాతికి చెందినదే. రిమోటులలో సాధారణముగ 940 నానోమీటరుల తరంగపు దీపమును వాడుదురు. దీపపు రెండు కాళ్లలో పొడుగైనది సాధారణముగ ధనధ్రువము. తలక్రింది అంచు చదునుగ నున్న వైపు ఋణధ్రువము. త్రిప్పి కలిపినచో దీపము వెలుగదు. వెలుగనట్లు కంటికి తెలియదు కూడ.

అది వెలుగుచున్నదో లేదో తెలిసికొనుట కొక సుళువు కలదు. చేతి ఫోనులో మన ముఖమును తీయు ముందువైపు కెమెరాను తెరచి, దీపమును దాని కెదురుగ పట్టి మీట నొక్కుడు. పెక్కు ఫోనులలో దీపము లేత ఊదా రంగున మెరయుట కనబడును. ముందుగ ఇంటి టెలివిజను రిమోటును అట్లే చూచి, ఆ ఫోను ఈ పరీక్షకు తగినదగునా యని నిర్ధారణ చేసికొనవలెను.

దీపమునకు ఎంత కరెంటు?

మామూలు బల్బు తనకు కావలసిన కరెంటును తానే మితపరచుకొనును. ఎల్.ఇ.డి. దీప మట్లు కాదు. దాని మొనల నడుమ సుమారు 1.3 వోల్టులు చేరువరకు దాహము లేని పశువువలె నుండి, అది దాటినతోడనే లభించినంత కరెంటును త్రాగి కాలిపోవును. కావున దానికి ముందు నిరోధకము, అనగా రెసిస్టరు, తప్పక యుండవలెను.

లెక్క యిట్లు. రెండు క్రొత్త పెన్సిలు సెల్లులను వరుసగ కలిపిన 3 వోల్టులు వచ్చును. దీపము 1.3 వోల్టులు తీసికొనును. క్రింద చెప్పబోవు ట్రాన్సిస్టరు 0.2 వోల్టు తీసికొనును. మిగిలినది 1.5 వోల్టులు. దీపము గుండ 100 మిల్లీ ఆంపియరులు, అనగా ఆంపియరులో పదియవ వంతు, పంపవలెనన్నచో 1.5ను 0.1చే భాగింపగా 15 ఓములు వచ్చును. గోధుమ, ఆకుపచ్చ, నలుపు పట్టెలు గల రెసిస్టరు 15 ఓములది. పావు వాటుది చాలును.

ఇచట రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, సెల్లులు పాతబడి ఒక్కొక్కటి 1.2 వోల్టులకు దిగినపుడు మొత్తము 2.4 వోల్టులే యుండును. అందు 1.5 పోగా మిగులునది 0.9 వోల్టు, 15 ఓముల గుండ 60 మిల్లీ ఆంపియరులు మాత్రమే పోవును. పరికరము చెడిపోలేదు, దాని చేయి పొట్టిదైనది. "నిన్న పనిచేసినది, నేడు దగ్గరకు పోయిననే గాని పనిచేయుట లేదు" అని చెప్పువారు ముందుగ సెల్లులను మార్చి చూడవలెను. రెండవది, రెండు మూడు దీపములను ప్రక్కప్రక్కనుంచి ఒకే రెసిస్టరునకు కట్టుట తగదు. వానిలో తక్కువ వోల్టుకే తెరచుకొను దీపము ఎక్కువ కరెంటును లాగికొనును. ఒకే తూమునుండి నీరు పారు రెండు మళ్లలో పల్లపు మడి ముందు నిండుట మన మెరిగినదే. దీపములను వరుసగ, ఒకదాని వెనుక నొకటిగ కట్టినచో అన్నిటి గుండ ఒకే కరెంటు పోవును. అట్లు కానిచో దీపము దీపమునకు వేరు రెసిస్టరు నుంచవలెను.

తూమువంటి ట్రాన్సిస్టరు

మీట నొక్కినపుడు సంకేతమును తయారుచేయు చిన్న చిప్పు తన కాలినుండి 20 మిల్లీ ఆంపియరులకు మించి యిచ్చుట మంచిది కాదు. 100 మిల్లీ ఆంపియరులను దానినుండి లాగుట మేకను కాడికి కట్టుటవంటిది. అందుచే నడుమ ట్రాన్సిస్టరు నుంచుదురు.

ట్రాన్సిస్టరునకు మూడు కాళ్లు: బేసు, కలెక్టరు, ఎమిటరు. చెరువు తూమున కొయ్యను కొంచెము లేపిన పెద్ద నీటిధార బయలుదేరునట్లు, బేసునకు స్వల్పమైన కరెంటు నిచ్చినచో కలెక్టరునుండి ఎమిటరునకు పెద్ద కరెంటు పారును. ఈ పనికి పి.ఎన్. 2222 అను ట్రాన్సిస్టరు తగును. బి.సి. 547 అనునది చవుకయే గాని, దాని హద్దు 100 మిల్లీ ఆంపియరులే యగుటచే, హద్దుపై నిలిపి పని చేయించుట మేలు గాదు.

బేసునకెంత యియ్యవలెను? తూమును సగము తెరచిన నీరు ఒరసికొని పారునట్లు, సగము తెరచిన ట్రాన్సిస్టరు వేడెక్కి వోల్టులను మ్రింగును. పూర్తిగ తెరచుటకు కలెక్టరు కరెంటులో ఇరువదవ వంతు, అనగా 5 మిల్లీ ఆంపియరులు ఇచ్చుట క్షేమము. చిప్పు కాలినుండి వచ్చు 3 వోల్టులలో బేసు వద్ద 0.8 పోగా 2.2 మిగులును. దానిని 0.005చే భాగింపగా 440. బజారులో దొరకు దగ్గర విలువ 470 ఓములు. పసుపు, ఊదా, గోధుమ పట్టెలు గలది.

కలుపు విధము: సెల్లుల ధనధ్రువమునుండి 15 ఓముల రెసిస్టరు, దానినుండి దీపపు పొడుగు కాలు, దీపపు పొట్టి కాలు కలెక్టరునకు, ఎమిటరు సెల్లుల ఋణధ్రువమునకు, చిప్పు కాలు 470 ఓముల గుండ బేసునకు. సెల్లుల మొనలకు సమీపమున 100 మైక్రోఫారడుల కెపాసిటరును, దాని ధన ఋణములను చూచి, కలుపవలెను. మీట నొక్కిన క్షణమున హఠాత్తుగ కావలసిన కరెంటును ఈ కెపాసిటరు, నీళ్ల తొట్టివలె, నిలువనుండి యిచ్చును. 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఇట్టి పనికి అంతగా తగినది కాదు. దాని వోల్టు లెక్కువయే గాని, లోపలి నిరోధము గూడ నెక్కువ.

సంతలో తప్పెట దెబ్బ

దీపమును ఊరక వెలిగించిన చాలదు. పగటివేళ సూర్యునినుండియు, రాత్రివేళ బల్బులనుండియు, పొయ్యినుండియు పరారుణ కిరణములు వచ్చుచునే యుండును. వానినుండి మన దీపమును అందుకొను పరికరము ఎట్లు గుర్తింపగలదు? 1955లో అమెరికాలో జెనిత్ అను సంస్థకై యూజీన్ పాలీ అను ఇంజనీరు ఫ్లాష్‌మేటిక్ అను రిమోటును నిర్మించెను. దానినుండి వెడలు మామూలు వెలుగు టెలివిజను మూలలందలి కాంతిగ్రాహకములపై పడినచో పెట్టె పనిచేసెడిది. కిటికీనుండి ఎండ వచ్చి ఆ మూలలపై పడినను పెట్టె పనిచేసెడిది! ఎండయే మీట నొక్కినట్లయ్యెను. టెలివిజను విషయమున నిది నవ్వుటకు తగును. మోటారు విషయమున తగదు.

సంతలో ఎంత గోల యున్నను దండోరా తప్పెట దెబ్బను మనము గుర్తింతుము. ఏల? దానికొక లయ కలదు. అట్లే మన దీపమును సెకనునకు 38,000 పర్యాయములు ఆర్పి వెలిగింపవలెను. అందుకొను పరికరము ఆ లయను మాత్రమే విని, నిలకడగ నుండు ఎండ వెలుగును విడిచిపెట్టును. ఇట్టి గ్రాహకములు టి.ఎస్.ఓ.పి. 1738, 4838 మొదలగు పేర్లతో వచ్చినవి; చివరి రెండంకెలు లయను వేలలో తెలుపును. 36, 40, 56 వేలవి కూడ కలవు. పంపునది 36 వేలు, అందుకొనునది 38 వేలు అయినచో పని కొంత జరుగును గాని దూరము తగ్గును. మరియొక హెచ్చరిక: 1738 యొక్క మూడు కాళ్ల క్రమము వేరు, 4838 యొక్క క్రమము వేరు. అమ్మువాని కాగితమును చూడక కలిపినచో గ్రాహకము చెడును.

ఇందు మరియొక మర్మము కలదు. తప్పెట ఎడతెగక మ్రోగుచుండినచో కొంతసేపటికి మన చెవి దానిని లెక్కచేయదు. ఈ గ్రాహకమును అట్లే చేయును. 38,000 లయతో ఆగక వెలుగు దీపమును అది కొలదిసేపటిలో గోలగా నెంచి త్రోసివేయును. కావున కనీసము పది స్పందనముల గుంపు, పిమ్మట విరామము, మరల గుంపు, ఈ రీతిని పంపవలెను. "దీపము వెలుగుచున్నది, లయ సరిపోయినది, అయినను పనిచేయదు" అను చిక్కునకు కారణము పెక్కుమారులు ఇదియే.

అభ్యాసమునకు ఒక చిన్న పరికరము

నేర్చుకొనుటకు 555 అను టైమరు చిప్పులు రెండు చాలును. సాధారణపు 555 చిప్పునకు కనీసము 4.5 వోల్టులు కావలెను గనుక నాలుగు సెల్లులతో 6 వోల్టులు ఏర్పరుపుడు.

ప్రతి చిప్పునకును 1వ కాలు ఋణమునకు, 8వ కాలు ధనమునకు కలుపవలెను. 8కిని 7కిని నడుమ మొదటి రెసిస్టరు. 7కిని 6కిని నడుమ రెండవ రెసిస్టరు. 2, 6 కాళ్లను జతపరచి వానికిని ఋణమునకును నడుమ కెపాసిటరు. 3వ కాలు ఫలితము నిచ్చును. లయను కనుగొను సూత్రమిది: మొదటి రెసిస్టరునకు రెండవదాని రెట్టింపును కలిపి, ఆ మొత్తమును కెపాసిటరుచే గుణించి, వచ్చినదానితో 1.44ను భాగింపవలెను.

వేగము గల చిప్పునకు కెపాసిటరు 0.001 మైక్రోఫారడు, అనగా 102 అని వ్రాసియుండునది. 38,000 లయకు రెసిస్టరుల మొత్తము సుమారు 37,900 ఓములు కావలెను. రెండవ రెసిస్టరు 15,000 ఓములైనచో రెట్టింపు 30,000. మిగిలిన 7,900నకు 4,700 ఓముల రెసిస్టరును, దానితో వరుసగ 5,000 ఓముల త్రిప్పుడు రెసిస్టరును ఉంచినచో, త్రిప్పుడు మరతో లయను 36,000 నుండి 41,000 వరకు సరిచేసికొనవచ్చును.

నెమ్మది చిప్పునకు మొదటి రెసిస్టరు 1,000 ఓములు, రెండవది 15,000 ఓములు, కెపాసిటరు 0.1 మైక్రోఫారడు, అనగా 104 అని వ్రాసియుండునది. ఇది సుమారు ఒక మిల్లీ సెకను వెలిగి, ఒక మిల్లీ సెకను ఆగును. దీని 4వ కాలిని ధనమునకు కలుపుడు. దీని 3వ కాలిని వేగపు చిప్పు యొక్క 4వ కాలికి కలిపినచో వేగపు చిప్పు గుంపులు గుంపులుగ స్పందించును. ఒక్కొక్క గుంపులో సుమారు 40 స్పందనములుండును. వేగపు చిప్పు యొక్క 3వ కాలినుండి 680 ఓముల గుండ ట్రాన్సిస్టరు బేసునకు కలుపుడు. దీపములు రెండు వరుసగ నుంచినచో 6 వోల్టులలో 2.6, 0.2 పోగా 3.2 మిగులును, 33 ఓముల రెసిస్టరుతో సుమారు 97 మిల్లీ ఆంపియరులు పారును. ధన ఋణముల నడుమ 100 మైక్రోఫారడుల కెపాసిటరును మరువరాదు.

గ్రాహకమునకు 5 వోల్టుల నిచ్చి, 5 వోల్టుల ధనమునుండి 1,000 ఓముల రెసిస్టరును, ఎర్ర ఎల్.ఇ.డి.ని వరుసగ కలిపి, గ్రాహకపు ఫలిత కాలికి చేర్చుడు. ఆ కాలు సంకేతము లేనపుడు పైకిని, సంకేతము వచ్చినపుడు క్రిందికిని పోవును గనుక, మీట నొక్కినపుడే ఎర్ర దీపము వెలుగును. గదిలో ఒక చివరనుండి మరియొక చివరకు వెలిగినచో మీ పాఠము సరిగ కుదిరినదని యెరుగుడు.

మోటారునకు సంకేతము తప్పక కావలెను

పై పరికరము నేర్చుకొనుటకే గాని మోటారునకు కాదు. దానిని వినిన గ్రాహకము ఏ టెలివిజను రిమోటును చూచినను మీట నొక్కినట్లే భావించును. పిల్లవాడు ఇంటి రిమోటును పొలమునకు తెచ్చి ఆడుకొనినచో మోటారు తిరుగును. కావున పిలుపుతోపాటు పేరుగూడ పిలువవలెను.

ఎన్.ఇ.సి. పద్ధతి యను సంకేతము ఇందుకు వాడుకలో నున్నది. మొదట 9 మిల్లీ సెకనుల దీర్ఘ స్పందనము, 4.5 మిల్లీ సెకనుల విరామము. ఇది "వినుడు" అను కేక వంటిది. తరువాత 32 అక్షరములు. ప్రతి అక్షరమును 0.56 మిల్లీ సెకను వెలుగుతో మొదలగును. దాని తరువాతి విరామము పొట్టిదైనచో సున్న, పొడుగైనచో ఒకటి. మొదటి 8 అక్షరములు పరికరపు పేరు, తరువాతి 8 ఆ పేరునే తలక్రిందులుగ వ్రాసినవి. పిమ్మట 8 ఆజ్ఞ, చివరి 8 ఆ ఆజ్ఞయొక్క తలక్రిందు రూపము. పేరును, తలక్రిందు పేరును సరిపోలనిచో గ్రాహకపు చిప్పు ఆ సంకేతమును త్రోసివేయును. సంతకమును, వ్రేలిముద్రను రెండును చూచి గాని రుణపత్రమును అంగీకరింపని మన సంఘ పద్ధతియే ఇదియు. మొత్తము పిలుపు సుమారు 68 మిల్లీ సెకనులలో ముగియును.

ఈ సంకేతమును ఆర్డుయినో వంటి చిన్న పలకలు సులభముగ పంపగలవు, పాలిటెక్నికులోను, ఐ.టి.ఐ.లోను చదువు మన పిల్లలు దీనిని వ్రాయగలరు. 8 అక్షరములతో 256 పేర్లు ఏర్పడును. ప్రక్క షెడ్డువారు ఒకే పేరు పెట్టుకొనకుండునట్లు సంఘమున నొక చిట్టా నుంచుట మంచిది. దీపము స్పందనకాలములో మూడవ వంతు మాత్రమే వెలుగునట్లు అమర్చినచో పని చెడక సెల్లుల ఆయువు పెరుగును. ఒక్క పిలుపునకు దీపము త్రాగునది అత్యల్పము. మీట నొక్కనపుడు చిప్పును నిద్రింపజేసినచో సెల్లులు పనిచేత గాక ముసలితనముచేతనే చచ్చును.

దూరమును పెంచు మార్గము

దూరము రెట్టింపు కావలెనన్నచో వెలుగు నాలుగు రెట్లు కావలెను. కరెంటును రెట్టింపు చేసినను దూరము సుమారు ఒకటిన్నర రెట్లకు లోపే పెరుగును, దీపము ఆయువు మాత్రము తరుగును. అంతకంటె ఇరుకుగ వెలుగు చిమ్ము దీపమును ఎన్నుకొనుట, దీపములను వరుసగ రెండు చేయుట, గ్రాహకమును ఎండనుండి కాపాడుట చవుకైన మార్గములు. గ్రాహకమును నేరుగ ఎండ పడని ఉత్తరపు గోడకు బిగించి, లోపల నల్లరంగు పూసిన జానెడు పి.వి.సి. గొట్టపు ముక్కలో అమర్చినచో, మీరు నిలుచు గట్టువైపు మాత్రమే చూచును. దుమ్ము, సాలెగూడు ముఖమున చేరకుండ వారమున కొకసారి తుడువవలెను.

స్టార్టరునకు కలుపునపుడు

ఇంతవరకు చెప్పిన పని అంతయు 6 వోల్టుల లోపుది. తాకినను హాని లేదు. ఇక చెప్పబోవునది ప్రాణాంతకమగు కరెంటుతోడి పని. దీనిని లైసెన్సు గల వైరుమానుచేతనే చేయింపవలెను.

గ్రాహకపు కాలినుండి రిలేను నేరుగ నడుపరాదు. నడుమ చిప్పును, ట్రాన్సిస్టరును ఉండవలెను. రెండు రిలేలు కావలెను. మొదటిదాని తెరచియుండు కొనలను ఆకుపచ్చ మీట కొనలతో జతగ కలుపుదురు. అది ఒక సెకను మాత్రము మూసికొని మరల తెరచుకొనవలెను. పిదప స్టార్టరు తన పట్టును తానే నిలుపుకొనును. రెండవదాని మూసియుండు కొనలను ఎర్ర మీటతో వరుసగ కలుపుదురు. ఈ వరుసలోని తీగ యెక్కడ ఊడినను మోటారు ఆగును గాని ఆగక తిరుగదు. ఓవర్లోడు రిలేను ఎట్టి పరిస్థితిలోను తప్పింపరాదు. పాత మీటలును పనిచేయుచునే యుండవలెను.

ఈ అమరికలో నొక గొప్ప గుణము కలదు. కరెంటు పోయినచో స్టార్టరు పట్టు విడచును. మరల వచ్చినను మనిషి మీట నొక్కువరకు మోటారు తిరుగదు. ఆటో స్టార్టరు అట్లు గాదు. కరెంటు వచ్చినతోడనే ఎవరు ఎక్కడ నున్నదియు చూడక మోటారును త్రిప్పును. ఊరిలోని మోటారులన్నియు ఒక్కసారి లేచినచో ట్రాన్స్‌ఫార్మరు మీద భారమును ఒక్కసారిగ పడును. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల కరెంటు ఇయ్యబడినపుడు ఆటో స్టార్టరులను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరెను.

పొట్టి చేయియే క్షేమము

చేతి ఫోనుతో పది మైళ్ల దూరమునుండి మోటారును నడుపు పెట్టెలు నేడు దొరకుచుండగా, పది మీటరుల పరారుణ రిమోటు ఏల యని కొందరడుగవచ్చును. రాత్రివేళ పాము పురుగుల భయమున్నచోట ఫోను పెట్టెకు ప్రయోజనము లేకపోలేదు. అయితే ఊరిలో మంచముపై కూర్చుండి మీట నొక్కువానికి, బావిలో దిగి ఫుట్‌వాల్వు చెత్తను తీయుచున్న తమ్ముడు కనబడడు. బెల్టు వద్ద చేయి పెట్టిన పాలేరు కనబడడు. పరారుణ కిరణము గోడను దాటదు, మలుపు తిరుగదు, దూరము పోదు. షెడ్డును చూడగలవాడే దానిని నడుపగలడు. దీనిని లోపమని యెంచువారు కలరు. మేము దీనిని కావలివానిగ నెంచుచున్నాము.

అయినను కావలివాడున్నాడని తలుపు తీసి పండుకొనరాదు. బావి లోపల నున్న మనిషి పది మీటరులనుండియు కనబడడు. కావున మీట నొక్కుటకు ముందు కేక వేసి, బదులు వినవలెను. బావిలో దిగువాడు మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులను తీసి, తన మొలలోనే కట్టుకొని దిగవలెను. ఎర్తు గోతిని సరిగ నుంచుకొని, వేసవిలో నీరు పోయుచుండవలెను. రిమోటు వచ్చినది గదా యని ఎర్తును విడచినవాడు, గొడుగు కొని ఇంటి కప్పును విప్పినవానితో సమానుడు.

అభ్యాస లెక్కలు

సంఘపు సాయంకాల సమావేశమున పిల్లలచే ఈ మూడు లెక్కలను చేయింపుడు.

1. మూడు సెల్లులు, 4.5 వోల్టులు, ఒక దీపము, ఒక ట్రాన్సిస్టరు, 100 మిల్లీ ఆంపియరులకు రెసిస్టరెంత? జవాబు: 30 ఓములు. బజారులో దొరకు 33 ఓములతో సుమారు 91 మిల్లీ ఆంపియరులు.

2. 555 చిప్పుతో, 0.001 మైక్రోఫారడు కెపాసిటరుతో, 36,000 లయ కావలెను. రెసిస్టరుల మొత్తమెంత? జవాబు: 40,000 ఓములు.

3. ఒక దీపముతో 6 మీటరులు పోవుచున్నది. అట్టివే నాలుగు దీపములను, ప్రతిదాని గుండను అంతే కరెంటు పోవునట్లు, ఒకే దిక్కునకు అమర్చిన ఎంత దూరము పోవును? జవాబు: 12 మీటరులు.

చదువుకొనిన కుమారులు గల సభ్యులు ముందుగ 6 వోల్టుల పరికరమును ఇంటివద్ద చేయించి చూచి, అది నెలరోజులు తప్పక పనిచేసిన పిమ్మటనే మోటారు సంగతి తలపెట్టవలెను. ఒక్కొక్కరు విడివిడిగ కొనుటకంటె పది మంది సభ్యులు కలిసి సామగ్రిని కొని, ఒకే వైరుమానుచే అన్ని షెడ్డుల ఎర్తును పరీక్షింపజేసికొనుట సహకార ధర్మమునకు తగియుండును. ఆ పరీక్ష మాత్రము రిమోటు కొనని వారికిని నేడే కావలసినది.